చేప పారిన రోజు

మా గుల్లదిబ్బలో చేప ఒడ్డుకి రావడాన్ని రెండు రకాలుగా చెబుతారు. మేత కోసం నెమ్మదిగా వస్తే చేప దిగింది అంటారు. దేనికో బెదిరి, ఒకదాని మీద ఒకటి పడుతూ కెరటాల్లోకి వచ్చేస్తే చేప పారింది అంటారు. ఎలా వచ్చినా వల నిండుతుంది కాబట్టి ఈ తేడాని చాలామంది పట్టించుకోవడం మానేశారు.

మా అక్క కాసులమ్మ మానలేదు. అప్ప అంటాను నేను. అప్పకి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. "దిగింది" అని చెప్పడానికి అరచేతిని మెల్లగా కిందికి దించుతుంది, నిద్రపోతున్న పిల్లని చాప మీద పడుకోబెట్టినట్టు. "పారింది" అనడానికి కళ్లు పెద్దవి చేసి, మెడ తిప్పి, భుజం మీదుగా వెనక్కి చూస్తుంది. ఆ చూపు చూస్తే మనకి కూడా వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది.

కొండ మీది పరిశోధన కేంద్రం నుంచి సుచరిత మేడం వలల పాక దగ్గరికి వచ్చిన రోజున అప్ప, నేను ఓ మూల కూర్చుని చిరిగిన వల బాగుచేస్తున్నాం. మేడం రెండేళ్ల క్రితమే మా కెరటాల్లో పెట్టెలు దింపింది. నీటి వేడి, బురద, నీటిలో గాలి, కెరటం జోరు అన్నీ ఆ పెట్టెలు కొలుస్తాయి. వాటితోబాటు నీటి చప్పుడుని కూడా దాచుకుంటాయి.

"కెరటం విరిగినప్పుడు బుడగలు పుడతాయి కదా," అంది మేడం. "నీళ్లు వేడిగా ఉంటే ఆ బుడగలది ఒక చప్పుడు. ఏటి బురద కలిస్తే ఇంకో చప్పుడు. చిన్న చేపలు దూరం నుంచి ఒడ్డుని చూడలేవు, వింటాయి. విని, ఏ ఒడ్డు మంచిదో తేల్చుకుంటాయి. మంచి రోజు ఏదో మీరు చెప్పండి. ఆ రోజు చప్పుడునే నీళ్లలో రోజూ వినిపిస్తాను."

"రోజూ సేపొస్తాదా?" అన్నాడు మా పెద్దయ్య ఎర్రయ్య. మా అయ్యకి అన్న ఆయన. ఊళ్లో పెద్ద అలివి వల ఆయనదే.

"రోజూ వస్తుంది."

"అయితే పోలమ్మ పండగైన మర్నాడు సూడు మేడం. ఆ రోజు సేప పారింది. ఒడ్డంతా ఎండి పరిసినట్టే మెరిసిపోనాది. పిల్లగుంటలు గౌన్లలో ఏరుకున్నారు, మా యావిడి దోమతెర తెచ్చీసింది."

మేడం మొహం వెలిగిపోయింది. "పారిందా! మా అనంతపురంలో కాలవ పారితే ఊరంతా పండగే."

అందరూ నవ్వారు. మా అయ్య కొర్లయ్య ఒక్కడే నవ్వలేదు. "అన్నా, అది పారిన రోజు గదేటి. దిగిన రోజు సెప్పాల గానీ..."

"వల నిండినాదా నేదా?" అన్నాడు పెద్దయ్య.

"నిండినాది గానీ..."

"గానీ నేదు, గీనీ నేదు. నోర్ముయ్యి."

అయ్య నోరు మూసుకున్నాడు. చిన్నప్పటినుంచి అన్న మాటకి ఎదురు చెప్పడం అలవాటు లేదు.

* * *

మూడు ఇనప గుంజలు కెరటాలు విరిగే చోట వరసగా పాతారు. వాటి చప్పుడు మా చెవులకి తెలియదు. చాలా కిందిస్థాయి చప్పుడు, మనిషికి వినపడదు అంది మేడం. అయినా ఊరు వాటికి కూతగుంజలు అని పేరు పెట్టింది.

అలివి వలని పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో గుండ్రంగా వేసి, దాని రెండు తాళ్లని ఒడ్డుకి తెస్తారు. ఊరు రెండు వరసలుగా విడిపోయి చెరో తాడూ లాగుతుంది. మొదట వరసలు దూరంగా ఉంటాయి. వల దగ్గరికొచ్చేకొద్దీ వరసలు కూడా ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. చివరికి ఎదురెదురుగా, మొహాలు కనబడేంత దగ్గరగా నిలబడతాం. ముసలివాళ్లయినా, ఆడవాళ్లయినా, పిల్లలయినా తాడు మీద చెయ్యేస్తే వాటా ఉంటుంది. మా ఊళ్లో మనిషని చెప్పుకోవడానికి అదే గుర్తు.

మొదటి రోజు లాగుతుంటేనే తాడు గుంజుకుపోయింది. వల ఒడ్డుకెక్కేసరికి అంతా కవళ్లూ నెత్తళ్లూ, అన్నీ చిన్న చేపలే. తవిటమ్మొదిన ఏడ్చేసింది, ఆనందం పట్టలేక. అప్పకి ప్రాణమిత్రురాలు ఆమె. చంకలో నెలల పిల్ల ఉంది.

అప్ప మాత్రం చేపల్ని చూసి, నన్ను చూసి, కళ్లు పెద్దవి చేసి భుజం మీదుగా వెనక్కి చూసింది.

"మీ అక్క ఏమంటోంది?" అని మేడం నన్నడిగింది.

కొత్తవాళ్లు అడిగితే నాకు గొంతు పెగలదు. అయినా ఎలాగో చెప్పాను. "పారాయంటంది, మేడం."

"అంతే! సరిగ్గా ఆ రోజులాగే!" అని మేడం అప్ప రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. అప్ప తెల్లబోయి నావైపు చూసింది. చెప్పిన మాట చెప్పినట్టే చేరింది. అర్థం మాత్రం దారిలోనే తిరగబడింది.

* * *

వానాకాలం ముందు పాతరేవువాళ్లు కర్రలు పట్టుకుని వచ్చారు. మా పక్క ఊరు. వాళ్ల ఒడ్డుకి చేప రావడం ఆగిపోయింది. "మా సేపని మీరు కూసి పిలిసేసుకుంటన్నారు," అన్నారు. పెద్దయ్య కూడా కర్రే తీశాడు. ఇద్దరికి తలలు పగిలాయి. పాతరేవుకి మనుమరాలిని ఇచ్చిన ముసలమ్మ మధ్యలో పడి చీర చింపుకుంది. ఇదివరకు ఈ రెండు ఊళ్లూ ఒక పెళ్లిలో భోంచేసేవి.

మేడం గుంజల్ని వాళ్ల ఒడ్డుకి మార్చేస్తుందేమో అని పెద్దయ్యకి అనుమానం. కొండ మీద నుంచి గుంజల్ని నడిపే తీగని రాత్రికి రాత్రి కోసేయించాడు. సూర్యుడి వెలుతురుతో నడిచే గుంజలు కాబట్టి అవి ఆగలేదు. కొండ మీద నుంచి ఆపే వీలు మాత్రం పోయింది.

తర్వాత మా ఊళ్లోనే మొదలైంది.

ముందు కుక్కలు ఒడ్డు వదిలి బస్సు స్టాపు దగ్గరికి వెళ్లిపోయాయి. తర్వాత పీతల బొరియలు ఖాళీ అయ్యాయి. తర్వాత మనుషులం. పొద్దున్న లేస్తే గుండెలో దడ. ఎవరో వెనక నిలబడి ఉన్నట్టు మెడ మీద జలదరింపు. అన్నం గొంతు దిగదు. కుళాయి దగ్గర బిందె ముందు పెట్టిందని ఒకామె ఇంకొకామె చెయ్యి కొరికేసింది. మా అమ్మ నన్ను ఎన్నడూ కొట్టలేదు. ఓ రోజు చారులో ఉప్పెక్కువైందన్నానని గరిటెతో కొట్టింది. కొట్టి, గరిటెని చూసుకుంటూ నిలబడిపోయింది.

వల మాత్రం రోజూ నిండేది. అందుకే ఎవరూ దేన్నీ అనుమానించలేదు. చేపలు సన్నబడిపోయాయి, కళ్లు పీక్కుపోయాయి. ఎన్ని పడ్డాయనేదే చూశారు తప్ప ఎలా ఉన్నాయో ఎవరూ చూడలేదు.

ఊరంతటిలో నిద్రపోతున్నది అప్ప ఒక్కర్తే. నేను అప్ప పక్కనే పడుకుంటాను. అప్ప గుండె మీద చెవి పెడితే నిదానంగా కొట్టుకునేది. నా గుండె అందులో సగం శాంతంగా ఉన్నా చాలనిపించేది. పొద్దున్నే నవ్వుమొహంతో లేచి, ఒడ్డున కూర్చుని వల కన్నాలు కుట్టేది. తవిటమ్మొదిన పిల్ల పగలూ రాత్రీ గుక్క పట్టి ఏడ్చేది. అప్ప ఎత్తుకుని గుండెకి హత్తుకుంటే మాత్రం ఊరుకునేది.

మొదట తవిటమ్మొదిన ఆ పిల్లని తెచ్చి అప్ప ఒళ్లో పెట్టి, పక్కనే కునుకు తీసేది. ఓ మధ్యాహ్నం ఉలిక్కిపడి లేచి పిల్లని లాగేసుకుంది.

"నా గుంట దీనొళ్లోనే ఎందుకూరుకుంటాది?" అని అరిచింది. "తల్లి దగ్గర ఏడిసి దీని దగ్గర ఊరుకోడమేటి? ఊరందరికీ దడ, దీనికొక్కర్తికే నేదు. ఏటి సేసింది మనకి? ఏటి పెట్టింది?"

అప్పకి ఆ అరుపు వినపడలేదు. పిల్ల ఏడుస్తోందనుకుని చేతులు చాపింది. ఆ చాపిన చేతుల మీద తవిటమ్మొదిన ఉమ్మేసింది.

సాయంత్రానికి ఊరంతటికీ ఒక మాట దొరికింది. చిల్లంగి. కాసులమ్మ చిల్లంగి పెట్టింది, చేతబడి చేసింది.

మర్నాడు వల లాగడానికి అప్ప ఎప్పటిలాగే వరసలో నిలబడి తాడు పట్టుకుంది. పెద్దయ్య వచ్చి ఆ తాడు అప్ప చేతుల్లోంచి లాగేశాడు. అరచేతులు ఒరుసుకుపోయి రక్తం వచ్చింది.

"దీని సెయ్యి తాడు మీద పడకూడదు. దీనింట్లోవోళ్ల సెయ్యీ పడకూడదు."

"అన్నా! నీ తమ్ముడి పిల్ల గదా అది!" అన్నాడు అయ్య.

"నాకు తమ్ముడెవుడూ నేడు," అన్నాడు పెద్దయ్య. ఆయన కనుగుడ్లు ఎర్రగా ఉన్నాయి. పెదవులు వణుకుతున్నాయి. అప్పుడు నాకు ఆయన్ని చూస్తే భయం వేసింది కానీ, ఆయన కూడా భయపడుతున్నాడని నాకు తెలియలేదు.

* * *

నేను టౌను హైస్కూలుకి బస్సులో వెళ్తాను. ఊరు దాటాక రోడ్డు సరుగుడు తోట వెనక నుంచి లోపలికి తిరుగుతుంది. కొన్నాళ్లుగా ఆ మలుపు దగ్గర నాకు ఆవలింత వచ్చేది. ఒళ్లు తేలికై, కన్నంటుకుపోయేది. స్కూలంటే నాకంత ఇష్టమేమో అనుకునేదాన్ని. కానీ ఆ వారం చూస్తే ఆ మలుపులో బస్సంతా ఆవలిస్తోంది. ఊళ్లో తిట్టుకుంటూ ఎక్కిన ఇద్దరు ఆడవాళ్లు అక్కడికొచ్చేసరికి ఒకరి ఆకు వక్క ఒకరు అడిగి తీసుకున్నారు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అదే మలుపులో అందరి భుజాలూ బిగుసుకున్నాయి. వెనక సీటులో ఎవరో ఎవరినో "కాలు తియ్యవే" అన్నారు.

నేను బస్సు దిగి ఇంటికి వెళ్లలేదు. కొండెక్కాను.

పరిశోధన కేంద్రంలో మేడం ఒక్కతే ఉంది. బల్ల మీద మా ఊరి కవళ్లు కడుపు చీల్చి వరసగా పెట్టి ఉన్నాయి. నన్ను చూసి, ఎందుకొచ్చావని అడగకుండా, "చూడు," అంది. "కడుపుల్లో ఏమీ లేదు. ఒక్కదాని కడుపులోనూ మేత లేదు. నీళ్లు వేడెక్కిపోయాయి, నీటిలో గాలి తగ్గిపోయింది. అలాంటి నీళ్లలోంచి చేప వెళ్లిపోవాలి. వెళ్లడం లేదు. తిండి లేకుండా అక్కడే ఉండి చచ్చిపోతున్నాయి. ఇంత బలంగా వాటిని పట్టి ఉంచింది ఏమిటి?"

నేను చెప్పాలనుకున్నదంతా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మేడం నావైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"పైడితల్లీ, మొదటి రోజు మీ అక్క ఏదో చేసింది కదా. నువ్వు పారాయంటోంది అన్నావు. అదేమిటో మళ్లీ చెప్పు."

మాట అయితే రాలేదు నాకు. కానీ అప్ప భాష నాకు అప్పంత బాగా వచ్చు. కళ్లు పెద్దవి చేశాను. మెడ తిప్పి, భుజం మీదుగా వెనక్కి చూశాను.

మేడం కూడా వెనక్కి తిరిగి చూసింది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. మళ్లీ నావైపు తిరిగేసరికి ఆమె మొహంలో రంగు లేదు.

"పారిపోవడం," అంది. "పారడం అంటే మీకు పారిపోవడమా?"

తలూపాను.

మేడం కంప్యూటరు తెరిచి పోలమ్మ పండగ మర్నాటి అంకెలు వెతికింది. ఆ రోజు సముద్రం అడుగు నుంచి గాలి లేని నీళ్లు పైకి లేచాయట. లోతులో ఊపిరాడక చేపలన్నీ పరుగెత్తాయి. కెరటం విరిగే చోట నురగలో మాత్రమే కాస్త గాలి మిగిలింది. అందుకే మా ఒడ్డంతా వెండి పరిచినట్టయింది.

"నేను పెట్టింది మంచి రోజు చప్పుడు కాదు," అంది మేడం. "ఊపిరాడని నీళ్ల చప్పుడు. అది వింటే ప్రాణమున్న దేనికైనా తెలిసేది ఒక్కటే. పారిపో అని."

అప్పుడు నాకు మాట వచ్చింది. "మాకూ ఇనపడతంది, మేడం," అన్నాను. "ఊరందరికీ. అప్పకి తప్ప."

బస్సు సంగతి చెప్పాను. కుక్కల సంగతి, గరిటె సంగతి, ఉమ్మేసిన చేతుల సంగతి చెప్పాను. చేపకి పారిపోవడానికి ఒడ్డుంది. మాకు ఇళ్లున్నాయి, వల ఉంది, ఎక్కడికి పోతాం? పారిపోలేని భయం లోపలే ఉండి ఉండి కోపమైంది. కోపానికి ఒక మనిషి కావాలి. చెబుతుంటేనే నాకు తెలిసింది, ఆ మనిషి ఇంట్లో వల కుట్టుకుంటోందని.

మేడం సొరుగులోంచి ఒక తాళంచెవి తీసింది. "మధ్య గుంజ తల మీద మూత ఉంటుంది. అందులో ఇది తిప్పితే మూడూ ఆగిపోతాయి. పద."

* * *

మేము జీపులో దిగేసరికి మా ఇంటి ముందు జనం. ఇంకా పొద్దు ఉంది. పెద్దయ్య చేతిలో పటకారు ఉంది. పాత పడవల్లోంచి మేకులు పీకే పటకారు అది. చిల్లంగి పెట్టినవాళ్ల పళ్లు పీకేస్తే మంత్రం పలకదని మా వైపు నమ్మకం.

అమ్మ కత్తిపీట ఎత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "మాటే రాని గుంటకి మంత్రమెలా వస్తాదిరా, సచ్చినోళ్లారా!"

"మనసులో సదువుతాది," అంది గుంపులోంచి ఓ ఆడగొంతు. తవిటమ్మొదినది.

"ఎర్రయ్యగారూ, తప్పు నాది, ఆ పిల్లది కాదు," అని మేడం మధ్యలోకి వెళ్లింది. "ఆ గుంజలు..."

"గుంజల మాటెత్తితే నిన్నూ పాతేత్తాను!" అన్నాడు పెద్దయ్య. "గుంజలు తీసీసి పాతరేవోళ్లకిచ్చీడానికొచ్చినావా? ఎంతిత్తామన్నారు ఆళ్లు?"

మేడానికి కూడా కోపం వచ్చింది. "మూర్ఖుడా!" అని అరిచింది. కొండ మీద మొహం పాలిపోయిన మనిషి, ఒడ్డుకి రాగానే పిడికిళ్లు బిగించింది. ఆ చప్పుడు ఆమెకీ ఎక్కుతోందని నాకు తెలిసిపోయింది. ఇక్కడ నిలబడి ఎవరు ఎవరికి చెప్పినా గొడవే తప్ప ఏమీ జరగదు. నా గుండె కూడా అదురుతోంది. పెద్దయ్య కాలి మీద రాయి ఎత్తి వెయ్యాలని ఉంది నాకు.

మేడం చేతిలోంచి తాళంచెవి లాక్కుని దొడ్డిదారిన ఇంట్లోకి వెళ్లాను. అప్ప మూల కూర్చుని ఉంది. జనం ఎందుకొచ్చారో పటకారు చూసి గ్రహించింది. నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

నేను చేతులతో చెప్పాను. గుంజ. చెవి. అందరి చెవుల్లో భయం. చేపల చెవుల్లో భయం. నీకు లేదు. తాళంచెవి చూపించి తిప్పాను.

అప్ప ఒరుసుకుపోయిన అరచేతిని చాపి తాళంచెవి తీసుకుంది.

దొడ్డి వెనక నుంచి ఒడ్డుకి పరుగెత్తాం. నీళ్ల దగ్గరయ్యేకొద్దీ నా కాళ్లు వెనక్కి లాగాయి. తడి ఇసక మీదికి రాగానే వాంతి అయింది. అంతకు మించి ఒక్క అడుగు కూడా వెయ్యలేకపోయాను. అప్ప మాత్రం రోజూలాగే నడుస్తోంది.

గుంజల దగ్గర ఈడ్పు ఎక్కువ. మంచి ఈతగాడిని కూడా లోపలికి లాగేస్తుంది. ఇసక మీద పొద్దుటి వల తాడు చుట్టి పెట్టి ఉంది. ముట్టుకోకూడదన్న తాడు. దాని కొస తీసి అప్ప నడుముకి కట్టాను.

అప్ప నీళ్లలోకి దిగింది. మోకాలి లోతు. నడుము లోతు. వెనక జనం అరుపులు దగ్గరయ్యాయి.

"తాడు ముట్టుకుంది! సూడండర్రా, తాడు ముట్టుకుంది!"

పెద్దయ్య గుంపుకి ముందు ఉన్నాడు. తడి ఇసక అంచుకి వచ్చి ఆగిపోయాడు. అందరూ అక్కడే ఆగిపోయారు, గీత గీసినట్టు. ఒకళ్లకీ కాలు కదలడం లేదు. ఒక రాయి వచ్చి నా పక్కన పడింది. ఇంకోటి నా వీపుకి తగిలింది. ఎవరు వేశారో తిరిగి చూడలేదు. తాడు నా చేతుల్లోంచి జారిపోతోంది.

రెండు పెద్ద చేతులు వచ్చి నా చేతుల వెనక తాడు పట్టుకున్నాయి. మా అయ్య. ఆయన ఒళ్లంతా వణుకుతోంది, చెమటలు కారిపోతున్నాయి. అమ్మ కత్తిపీట పడేసి ఆయన వెనక పట్టుకుంది. మేడం చెప్పులు ఎక్కడో పోగొట్టుకుని అమ్మ వెనక పట్టుకుంది.

"కొర్లయ్యా, వదిలీ!" అన్నాడు పెద్దయ్య.

మా అయ్య పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి అన్న చెప్పింది చెయ్యనన్నాడు. "వదల్ను."

అప్ప మధ్య గుంజని కావిలించుకుంది. ఒక కెరటం కప్పేసింది. లేచింది. ఇంకోటి. చెయ్యి పైకి సాచి మూత తీసింది. ఆ చెయ్యి తిరగడం నేను చూశాను.

చప్పుడు ఆగితే ఎలా ఉంటుందో నేను సరిగా చెప్పలేను. ఎప్పుడూ వినపడని చప్పుడు ఆగిపోతే ఏం తెలుస్తుంది? కానీ తెలిసింది. నా భుజాలు వాటంతటవే దిగాయి. వెనక ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. తవిటమ్మొదిన చంకలో పిల్ల ఏడుపు మధ్యలో ఆపేసింది. కెరటాల కింద నల్లగా ఉన్న నీళ్లు కదిలాయి. చేపలన్నీ ఒకే జంతువులాగా మలుపు తిరిగి, లోతుకి వెళ్లిపోయాయి. నీళ్లు తెల్లబడ్డాయి.

అప్ప చేతులు అదే క్షణంలో గుంజని వదిలేశాయి. బలం అయిపోయింది. ఈడ్పు లాగేసింది. తాడు మమ్మల్ని నలుగుర్నీ ముందుకి ఈడ్చుకుపోయింది. మోకాళ్ల మీద పడిపోయాం.

"పట్టండర్రా!" అని అరిచింది తవిటమ్మొదిన. పిల్లని ఇసక మీద కూర్చోబెట్టి పరుగెత్తి వచ్చి తాడు మీద పడింది. ఇందాక రాళ్లు వేసిన చేతులే ఒకటొకటిగా వచ్చి తాడు మీద పడ్డాయి. ఊరు లాగింది, వల లాగినట్టు.

అప్పని ఇసక మీదికి తెచ్చి బోర్లా పడుకోబెడితే నీళ్లు కక్కింది. కళ్లు తెరిచి, ముందు నన్ను కాదు, సముద్రాన్ని చూసింది. నీళ్లు ఖాళీగా ఉన్నాయని చూసి తల ఇసకకి ఆనించింది.

తవిటమ్మొదిన అప్ప చేతుల్ని తన చీరకొంగుతో తుడిచింది. ఒక మాటు తుడిచి, చాలక, మళ్లీ తుడిచింది.

తాడు మీద చెయ్యి వెయ్యనిది పెద్దయ్య ఒక్కడే. పటకారు ఇంకా పట్టుకునే ఉన్నాడు. కళ్లలో ఎరుపు లేదు, పెదవుల్లో వణుకు లేదు. మామూలు మనిషిలా ఉన్నాడు. మామూలు గొంతుతో అన్నాడు.

"సేపని పారదోలీసినాది."

* * *

మేడం గుంజల్ని పీకించింది. పీకే రోజు ఊళ్లో సగం మంది వద్దన్నారు. "దడుంటే ఉండనీ, దూది పెట్టుకుంటాం," అన్నారు. దూదికి ఆగే చప్పుడు కాదని చెబితే మొహాలు తిప్పుకున్నారు. పాతరేవువాళ్లు మాతో ఇంకా మాట్లాడరు. చనిపోయిన చిన్న చేపల లెక్క మేడం తన పైవాళ్లకి పంపింది. తప్పు తనదని తన పేరు తనే రాసుకుంది. తర్వాత ఆమెని ఇక్కడి నుంచి పంపేశారు. వెళ్లేటప్పుడు అప్ప ముందు నిలబడి, కళ్లు పెద్దవి చేసి భుజం మీదుగా వెనక్కి చూసింది. నేను పారిపోతున్నాను అని చెప్పిందో, క్షమించమని చెప్పిందో నాకు తెలియలేదు. అప్పకి తెలిసిందేమో, ఆమె చెంప నిమిరింది.

చాలాకాలం సముద్రం ఖాళీగానే ఉంది. వానలు పడి, ఏటి నీరు కలిసి, కెరటాల్లో వేడి తగ్గాక ఓ పొద్దున్న ఊరు మళ్లీ వల వేసింది. ఈసారి అప్ప తాడు పట్టుకుంటే ఎవరూ లాగేయలేదు. తవిటమ్మొదిన కాస్త జరిగి చోటిచ్చింది. పెద్దయ్య మమ్మల్ని చూసి రెండో తాడు వైపు వెళ్లిపోయాడు, దూరంగా.

లాగేకొద్దీ రెండు వరసలూ దగ్గరయ్యాయి. వల ఒడ్డుకెక్కేసరికి ఆయన, అప్ప ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. వలలో నాలుగు గంపలకి సరిపడా కవళ్లు కూడా లేవు. కానీ బలంగా ఉన్నాయి, నిగనిగలాడుతున్నాయి. పొట్టలు నిండుగా ఉన్నాయి.

అప్ప వాటిని చూసింది. నవ్వుతూ పెద్దయ్య వైపు చూసి, అరచేతిని మెల్లగా కిందికి దించింది, నిద్రపోతున్న పిల్లని చాప మీద పడుకోబెట్టినట్టు.

ఆ మాట ఆయనకి తెలుసు. అప్ప చిన్నప్పుడు ఆయన భుజాల మీద కూర్చుని, సముద్రం చూపించి, ఆ మాట చెబుతూ ఉండేదట. అమ్మ చెప్పింది.

పెద్దయ్య ఆ చెయ్యిని చూశాడు. తల తిప్పుకున్నాడు. వాటాలు పోసేటప్పుడు మా వాటాకి ఎత్తిన గంపని పక్కవాళ్ల కుప్పలోకి వంచేశాడు.

నేను నా గుండె మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. దడ లేదు. మెడ మీద జలదరింపు లేదు. సముద్రం ఏమీ చెప్పడం లేదు. గుంజలున్న చోట ఇప్పుడు ఏమీ లేదు, కెరటాలు విరుగుతున్నాయంతే.

ఆయన వీపు చూస్తూ నిలబడ్డాను. నా పిడికిలి బిగుసుకుని ఉంది. ఆ కోపం ఆయనదే, ఏ గుంజా పెట్టింది కాదు. ఇది నాదే.